మా ఆయన దాచిన ఫొటో

మా గరాజ్‌లో ఒక మూల పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. ఒకప్పుడు తెల్లగా ఉండి, ఇప్పుడు ముసలి పళ్ళ రంగుకొచ్చిన పెద్ద డబ్బా, దాని పక్కన మోయలేనంత బరువు మానిటరు. పెళ్ళయిన కొత్తల్లో కాలిఫోర్నియాలో ఉండగా సన్నీవేల్‌లో కొన్నాం. అరిజోనాలోని చాండ్లర్‌కి మారేటప్పుడు నా గ్రైండర్‌ని ఎవరికైనా ఇచ్చెయ్యమన్న పెద్దమనిషి, దీన్ని మాత్రం దుప్పట్లో చుట్టి, కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి మరీ తీసుకొచ్చారు. నేను వెనక సీట్లో కూర్చుని వచ్చాను. ఇక్కడ మే నెల వచ్చిందంటే మా గరాజ్‌లో వడియాలు నీడనే ఎండిపోతాయి. అలాంటి వేడిలో అది ఇన్నేళ్ళు ఎలా బతికిందో నాకు తెలీదు.

ఏడాదికొకసారి, నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం, ఆయన తలుపేసుకుని దాని ముందు కూర్చునేవారు. అడిగితే, "అప్పుడప్పుడు ఆన్ చెయ్యకపోతే పాడైపోతుంది" అనేవారు. "మీ పెద్ద పెళ్ళానికి కూడా కాఫీ పంపించనా?" అని వెక్కిరించేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇలాంటి పిచ్చి ఏదో ఒకటి ఉంటుంది, తాగుడు కన్నా నయమే కదా అని ఊరుకున్నాను.

కిందటి నవంబరులో ఆయన గరాజ్‌లోంచి వచ్చిన తీరు చూసి గుండెపోటేమో అనుకున్నాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. కంప్యూటర్ లేవడం లేదట, లోపల హార్డ్ డిస్క్ టక్కు టక్కుమని కొట్టుకుంటోందట.

"హమ్మయ్య, పీడ విరగడైంది," అన్నాను.

ఆయన కిచెన్‌లో కుర్చీలో కూలబడ్డారు. "అందులో పాప ఫొటో ఉంది," అన్నారు.

మా ఇంట్లో ఆ మాట ఇరవై ఆరేళ్ళుగా ఎవరూ అనలేదు. పాప మా మొదటి బిడ్డ. సన్నీవేల్‌లో ఉండగా పుట్టింది, తొమ్మిది రోజులు బతికింది. పదకొండో రోజు రానేలేదు కాబట్టి పురిటి స్నానమూ లేదు, బారసాలా లేదు, పేరూ లేదు. నాకు పురుడు పోయడానికి విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మ, "బారసాల కాని పిల్ల ఫొటోలు ఇంట్లో ఉండకూడదమ్మా, వాటిని చూసుకుంటూ కూర్చుంటే మళ్ళీ కడుపు పండదు" అంది. మా ఆయన కడిగించి తెచ్చిన ఫొటోలూ నెగెటివ్‌లూ అన్నీ ఒక కవర్లో పెట్టి, "ఎక్కడైనా దూరంగా పారేసి రా నాయనా" అని అల్లుడి చేతికిచ్చింది. నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని అంతా విన్నాను. వద్దు అనలేదు. ఆ పాపం నాదే, ఎవరి మీదకీ తొయ్యను.

అమ్మ చెప్పినట్టే రెండేళ్ళకి కొడుకు పుట్టాడు. దాంతో అమ్మది తప్పని అనడానికి కూడా నోరు లేకుండా పోయింది. కానీ వాడి పసిమొహం వచ్చి పాప మొహం మీద కూర్చుంది. కొన్నాళ్ళకి, కళ్ళు మూసుకుంటే నాకు పాప కనబడడం మానేసింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కన్నతల్లి చెప్పుకునే మాటా అది?

ఆయన మాత్రం పారేసే ముందు ఒక్క ఫొటో ఆఫీసులో స్కాన్ చేసి, ఫ్లాపీలో ఇంటికి తెచ్చి, ఆ కంప్యూటర్‌లో దాచుకున్నారట. నవంబరు పాప పుట్టిన నెల.

నేను ఒంటికాలి మీద లేచాను. "ఇరవై ఆరేళ్ళు! కన్నది నేను, చూసుకున్నది మీరా?"

"నువ్వు తట్టుకోలేవనుకున్నాను."

"నన్నడిగారా? ఒక్కసారి అడిగారా? సరే, ఇంకో కాపీ అయినా ఎందుకు తియ్యలేదండీ? ఊళ్ళో కంపెనీల డేటా అంతా మూడేసి చోట్ల దాచి పెట్టడమే కదా మీ ఉద్యోగం!"

"ఇంకెక్కడ పెట్టినా ఫోన్‌లోకి వస్తుంది, అక్కణ్ణించి టీవీ మీదికి వస్తుంది. నువ్వు చూస్తావని భయం," అన్నారు. మా టీవీ ఖాళీగా ఉంటే ఇంట్లో ఫొటోలన్నీ దానంతటదే తిప్పుతూ ఉంటుంది. నిజమే. నిజమైనందుకు నాకు కడుపు ఇంకా మండింది.

మర్నాడు పొద్దున్న ఆయన డిస్క్ ఊడదీసి, డైనింగ్ టేబుల్ మీద పెట్టి, తన లాప్‌టాప్‌కి తగిలించారు. పాడైన డిస్కుల్లోంచి డేటా తీసే ల్యాబ్‌కి పంపిద్దాం అన్నారు, ఇంకెవరి చేతికీ ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు. అయితే ఓపిక పట్టాలన్నారు. లోపల ఒక పళ్ళెం తిరుగుతుందట, దాన్ని సూది లాంటిది ఒకటి చదువుతుందట. ఆ సూది దెబ్బతింది, ఇంకెంతసేపు పనిచేస్తుందో తెలీదు. అందుకని బాగున్న చోట్లన్నీ ముందు కాపీ తీసేసుకుని, మొండికేసిన చోట్లు చివరికి వదిలెయ్యాలి. రెండు రోజులు పట్టొచ్చు, పాప ఫొటో ఆ తర్వాత కాపీలోంచి వెతుక్కోవాలి.

మొదలుపెట్టారు. డిస్క్ టక్కుమన్నప్పుడల్లా ఆయన ఉలిక్కిపడుతున్నారు. మధ్యాహ్నానికి పన్నెండు శాతం అయింది. నాకు ఓపిక చచ్చింది.

"ఎవరికి కావాలండీ ఈ చెత్తంతా? మీ పాత రెజ్యూమేలా? నాకా ఫొటో ఒక్కటి తెరిచి చూపించండి."

"అలా చెయ్యకూడదు. సరిగ్గా అక్కడే పాడై ఉంటే, సూది అక్కడే కొట్టుకుని కొట్టుకుని చస్తుంది. మొత్తానికే పోతుంది."

"ఇరవై ఆరేళ్ళు మీరనుకున్నదే జరిగింది. ఇవాళ నా మాట వినండి."

విన్నారు. అదే నాకు మింగుడు పడదు. పని విషయంలో బ్రహ్మదేవుడు చెప్పినా వినని మనిషి, నా దగ్గర తప్పు చేశారు కాబట్టి, కూడదని తెలిసీ విన్నారు. కాపీ ఆపేసి, ఫోల్డర్ తెరిచారు. ఫైలు పేరు పాప పుట్టిన తారీఖు, అంతే. దాని మీద నొక్కారు.

ఫొటో పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా తెరుచుకుంది. ముందు హాస్పిటల్ గోడ వచ్చింది. తర్వాత దువ్వుకోని నా జుట్టు, నుదురు. నా కళ్ళు కిందికి చూస్తున్నాయి. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను. ఆ రోజు నర్సు పాపని పది నిమిషాలు నా ఒళ్ళో పెట్టింది. అంత సంతోషంగా ఉన్న నా మొహాన్ని నేను ఆ తర్వాత ఏ ఫొటోలోనూ చూడలేదు, కొడుకు గ్రాడ్యుయేషన్ రోజున కూడా. గడ్డం వచ్చింది. మెడ, గౌను ముడి వచ్చాయి. అక్కడ ఆగిపోయింది.

టక్కు, టక్కు, టక్కు. "రా తల్లీ, రా, ఇంకొంచెం," అని ఆయన ఆ ఇనప ముక్కని బతిమాలుతున్నారు. కంచం మీద గరిటె గీసినట్టు కీచుమని ఒక చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. గౌను ముడి దగ్గర్నించి అడుగుదాకా అంతా బూడిద రంగు. తెర మీదికి వచ్చినంత వరకు ఆయన అలాగే తన లాప్‌టాప్‌లో సేవ్ చేశారు.

చివరికి ల్యాబ్‌కీ పంపించాం. సూది పళ్ళెం మీదంతా గీకేసిందని, గీకినచోట ఏమీ మిగల్లేదని నెల తర్వాత మెయిల్ వచ్చింది. నేనే ఫోన్ చేసి, ముందే మీకు పంపిస్తే దొరికేదా అని అడిగాను. అటువైపు మనిషి, "చెప్పలేం మేడమ్" అన్నాడు. దొరికేది కాదు అని ఒక్క అబద్ధం ఆడితే అతని సొమ్మేం పోయేది?

"ఎలా ఉండేదో మీరైనా చెప్పండి," అని ఆయన్ని అడిగాను. కళ్ళు మూసుకుని చెప్పారు. తల నిండా జుట్టు. ముక్కు నాదే. ఎడమ చెయ్యి దుప్పటి బయట పెట్టి నా వేలు పట్టుకుని ఉందట. ఎంత ప్రయత్నించినా నాకు మా అబ్బాయే కనబడ్డాడు. మళ్ళీ చెప్పమన్నాను. ఆయన మళ్ళీ అదే వరసలో అదే చెప్పారు, సగంలో ఏడ్చేశారు.

మొన్న ఆదివారం ఆయన లాప్‌టాప్‌లో ఆ ఫొటో తెరిచి కూర్చున్నారు. "కింద ఈ బూడిద రంగంతా కట్ చేసేస్తాను. నీ మొహం వరకు ఎంత బాగుందో చూడు, ఫ్రేమ్ కట్టించుకుందాం," అన్నారు. పాపం, మంచికే అన్నారు. నేను గబగబా వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని లాగేశాను.

"ముట్టుకోకండి. అది నా ఒక్కదాని ఫొటో కాదు. కింద పాప ఉంది."