దండ పడ్డ మామ్మగారు

మా ఇంటి ఆవకాయ సీసా మీద చిన్నప్పటి నుంచీ ఒక మామ్మగారు నవ్వుతూ ఉండేవారు. పోయినేడు ఆ బొమ్మకి చామంతి దండ పడింది. అయ్యో, పోయారన్నమాట అనుకున్నాను. ఆవిడ ఎవరో కనుక్కుని పేపరుకి రాద్దామని, సీసా మీదున్న అడ్రసు పట్టుకుని ఉదయం ఆరున్నరకి రాజమండ్రిలో బస్సెక్కి, రావులపాలెంలో మారి, ఎనిమిదిన్నరకి కొత్తపేటలో దిగాను. ముసురు పట్టి వదలడం లేదు.

పచ్చళ్ళ కార్ఖానా యజమాని టీ తెప్పించారు. "ఆవిడ మా దగ్గర ఆవకాయ కలిపేవారండి. ఆ నవ్వు చూసే మా నాన్నగారు బొమ్మ వేయించేరు."

"ఎప్పుడు పోయారండీ?"

"పోలేదండీ బాబూ! పి.గన్నవరంలో ఉన్నారు."

జరిగింది ఇదీ. దసరాకి ఆయుధపూజ చేసి గ్రైండర్లకీ, కాటాకీ, వ్యానుకీ దండలేస్తూ, ఊపులో గోడ మీదున్న ఆవిడ పటానికీ ఒకటి వేసేశారు. కొత్త లేబులు కోసం వచ్చిన ప్రింటింగ్ ప్రెస్సాయన ఆ పటాన్నే ఫొటో తీసుకుపోయాడు. ఒక్కరైనా చూసుకోవద్దూ!

పదకొండుంబావుకి ఆటోలో గన్నవరం చేరాను. నేను వద్దన్నా వినకుండా మామ్మగారు అన్నం వడ్డించారు.

"రాజోలు నుంచి మా స్నేహితురాలు ఏడ్చుకుంటూ వచ్చేసిందండి. వాకిట్లో నన్ను చూసి కూలబడిపోయింది. కువైట్‌లో ఉన్న మా అమ్మాయి అక్కడ కొట్లో సీసా చూసి ఫోన్ చేసింది. నేను మాట్లాడుతున్నా దాని ఏడుపు ఆగలేదు." నాకు కూర వడ్డిస్తూ, "పోయాక ఎలాగూ వేస్తారు. ఈలోగా సీసా మీద మళ్ళీ ఒక్కసారి దండ లేకుండా చూసుకోవాలనుంది బాబూ" అన్నారు.

అన్నం మధ్యలోనే లేచి, పెరట్లోకి వెళ్ళి యజమానికి ఫోన్ చేశాను.

"దండ పడ్డాక జనం జాలిపడి ఇంకా ఎక్కువ కొంటున్నారండి. అయినా పెద్దావిడ కదా. ఇప్పుడు తీసి, రేపో మాపో మళ్ళీ వేయించడం ఎందుకండీ?"

ఒళ్ళు మండిపోయింది. లోపలికి రాగానే, "ఏమన్నారండీ?" అని మామ్మగారు ఆశగా అడిగారు.

"మారుస్తారటండి" అనేశాను.

"ఆయ్" అని కళ్ళు తుడుచుకున్నారు. నేను తలొంచుకుని మజ్జిగన్నం కలుపుకున్నాను.

మూడున్నర బస్సులో తిరుగుప్రయాణం. పక్కసీటులో కూర్చున్న ఆమె సంచిలో అదే సీసా.

"పాపం, ఈవిడ పోయారటండి. అందుకే రెండు కొన్నాను" అంది.

"లేదండీ, బతికే ఉన్నారు. మధ్యాహ్నం నాకు అన్నం పెట్టింది ఈవిడే!"

ఆమె సీసా తిప్పి దండని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అభిమానం ఉన్నవాళ్ళకి అలాగే అనిపిస్తుందండి" అంది, నెమ్మదిగా.