బంపరు కింద గాలిగొట్టం

మా అత్తని శ్రీకాకుళం డయాలసిస్‌కి తీసుకెళ్లడం కోసమే ఆ పాత డీజిలు బండి కొన్నాం. ఎత్తుగా, లావుగా, రోడ్డంతా నాదే అన్నట్టుండే బండి. ఆమె నాకు అత్తగారే కాదు, మా నాన్నకి సొంత అక్క. అందుకే మా మధ్య అత్తాకోడళ్ల మర్యాదలేవీ లేవు. ఆమె నన్ను నోరారా తిడుతుంది, నేనూ ఊరుకోను. రెండు కిడ్నీలూ పాడయ్యాక కొన్నాళ్లు కళింగపట్నం నుంచి ఆటోలో తీసుకెళ్లాం. ప్రతి గతుకుకీ ఆమె ప్రాణం గొంతులోకొచ్చేది. అది చూడలేక మా బావ, అంటే నా మొగుడు, ఈ బండి తెచ్చాడు.

బండి బాగానే ఉండేది కానీ లాగేది కాదు. ఏసీ వేస్తే మరీ నీరసం. ముందున్న లారీని దాటబోయి సగంలో చతికిలబడేది. ఎదురుగా బస్సు వస్తుంటే వెనక సీట్లో నేను అత్త చెయ్యి పట్టుకుని దేవుళ్లందరినీ తలుచుకునేదాన్ని. మెకానిక్‌కి చూపిస్తే పాతబండి, ఇంతే అన్నాడు. మా బావకి ఆ ‘ఇంతే’ అన్న మాట గిట్టదు. ఊహ తెలిసినప్పటినుంచీ సముద్రం మీద బోటు ఇంజనుతో కుస్తీ పట్టినవాడు. నడిసముద్రంలో ఇంజను ఆగితే మెకానిక్ రాడు కదా.

ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. అన్నం తింటూ చూసేవాడు, వల బాగుచేస్తూ చూసేవాడు. ఒకరోజు బానెట్ ఎత్తి నన్ను పిలిచాడు.

“ఇటు సూడే. ఈ ఫిల్టరు డబ్బాలోకి ఎల్లేదంతా ఇంజను ఏడిగాలే. మూతి మీద దుప్పటి కప్పీసి పరిగెత్తమంటే ఎవుడు పరిగెడతాడు? బయట్నించి సల్లగాలి తెచ్చిస్తే సాలు, ఎలాగ లాగుతాదో సూద్దువు గాని.”

చేపలు ఎండబెట్టే చోటే పని పెట్టాడు. డబ్బాకి కంపెనీ వాళ్లు బిగించిన ప్లాస్టిక్ మూతిని పీకేశాడు. స్నానాలగదికి వేయించగా మిగిలిన పీవీసీ గొట్టం కోసి, దానికో వంపు ముక్క తగిలించి, రబ్బరు ట్యూబు చుట్టి, క్లిప్పులు బిగించాడు. గొట్టాన్ని బ్యాటరీ పక్కనుంచి దించి బంపరు వెనక్కి తెచ్చాడు. చెత్త వెళ్లకుండా చివరన వల ముక్క కట్టాడు. అంతా చక్కగానే ఉంది కానీ, ఆ గొట్టం మూతి నేలకి మూరెడు ఎత్తులో, నేలకేసి చూస్తూ ఉంది.

“అంత కిందకెందుకు బావా? రోడ్డు మీద నీళ్లుంటే?” అన్నాను.

ఆ మాటకి అతనూ, చూడ్డానికి వచ్చిన వీధి వాళ్లందరూ నవ్వారు.

“నీళ్లు ఎక్కడ్నించొస్తాయో నాకు సెప్తావేటే? బోటులో ఇంజను గాలి మూతి ఎలాగ పెడతాం? కిందకొంచీసి, పైన డబ్బా బోర్లించమా? ఎన్ని కెరటాలు తిన్నాది ఆ ఇంజను! ఒక్క సుక్క ఎల్లినాదేటి లోపలికి?”

అందరూ తలలాడించారు. మా వీధిలో అందరూ బోట్లవాళ్లే. సముద్రం మీద నీళ్లు పైనుంచే పడతాయి. కెరటం లేచి, విరిగి, నెత్తిమీద కురుస్తుంది. అందుకే మూతిని కిందికి దాచడం మా వాళ్లకి అన్నం ఎడం చేత్తో తినకూడదన్నంత మామూలు సంగతి. నాకు అనుమానం పోలేదు గానీ, అక్కడున్న మగాళ్లంతా ఇంజను తెలిసినవాళ్లాయె.

బండి నిజంగానే లాగింది. అదే నా నోరు మూయించింది. గుర్రుమని ఒక కొత్త చప్పుడు, తొక్కగానే దూకుడు. లారీలు చకచకా వెనకబడుతుంటే అత్త కూడా మురిసిపోయి, “ఇప్పుడు బండికి ఊపిరాడతన్నాది” అంది. బావ మొహం చూడాలి అప్పుడు.

వానాకాలంలో అల్పపీడనం పట్టుకుంది. రోడ్డుకి అడ్డంగా చెట్లు పడి ఒక విడత డయాలసిస్ తప్పిపోయింది. కాళ్లు వాచాయి, తర్వాత మొహం వాచింది. రెండో విడత రోజు పొద్దుటికి అత్త పడుకోలేకపోయింది. గోడకి ఆనుకుని కూర్చుని, నోటితో గాలి పీల్చుకుంటోంది. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతోందని, ఈ పూటే తీసుకురాకపోతే చెప్పలేమని ఆస్పత్రి నర్సు ఫోన్లో అంది. అంబులెన్సు ఎక్కడో వేరే ఊళ్లో నీళ్లకవతల ఉండిపోయిందట. అత్తని ఎత్తి బండిలో కూర్చోబెట్టాం.

సగం దూరం వెళ్లాక పొలాల నీళ్లు కల్వర్టు మీదుగా రోడ్డు దాటి పారుతున్నాయి. ఇవతల నాలుగు మోటారుసైకిళ్లు ఆగి ఉన్నాయి. ఒక ట్రాక్టరు మాత్రం మా కళ్లముందే దాటిపోయింది. బావ దిగి, లుంగీ ఎగ్గట్టి, నీళ్లలోకి నడిచి చూసి వచ్చాడు.

“మోకాలి లోపే ఉన్నాది. ఎల్లిపోదాం.”

“నీ గొట్టం మోకాలికంటే కిందున్నాది బావా. అది పీకీసి ఎల్దాం.”

“పీకడానికి బంపరు ఊడదియ్యాల. అంత టైము లేదే. మూతి కిందకున్నాదా లేదా? బోర్లించిన సెంబుని నీళ్లల్లో ముంచితే లోపలికి నీళ్లు ఎక్కుతాయేటి?”

చెంబు గాలి పీల్చదు, ఇంజను పీలుస్తుంది. ఆ మాట నా నాలుక చివరదాకా వచ్చింది. ఈలోగా వెనకనుంచి అత్త, “పోనీరా... పోనీ” అంది. ఒక్కో మాటకీ మధ్యలో ఊపిరి కోసం ఆగింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మొదటి గేరులో మెల్లగా దింపాడు. చక్రాల కింద రోడ్డు కనబడడం లేదు. బంపరు ముందు నీళ్లు ఉబ్బెత్తుగా లేచి పక్కలకి విడిపోతున్నాయి. నేను అవతలి గట్టున ఉన్న తాడిచెట్టు మీదే కళ్లు పెట్టుకున్నాను. సగం దాటాం. అప్పుడు గుటకలు వేస్తున్న చప్పుడొకటి వినబడింది. ఆ వెంటనే లోపల ఏదో గట్టిగా కొట్టుకుని బండి ఆగిపోయింది.

బావ చెయ్యి తాళం మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. నీళ్లు తాగిన ఇంజనుని తిప్పకూడదని బోటువాడికి ఒకరు చెప్పక్కర్లేదు. చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. తలుపు సందులోంచి నీళ్లు మా పాదాల మీదికి వస్తున్నాయి. నాకు భయంతో పాటు కోపం ఎలా వచ్చిందంటే, ఆ క్షణాన అత్త పక్కన లేకపోతే అతన్ని నీళ్లలోకి తోసేసేదాన్నే.

అతను దిగి, వెనక తలుపు తీసి, వీపు చూపించాడు. అత్త అతని మెడ చుట్టూ చేతులు వేసింది. నేను ఆస్పత్రి సంచి భుజాన వేసుకుని వెనకనుంచి ఆమె నడుం పట్టుకున్నాను. చెయ్యి ఎక్కడ ఆనితే అక్కడ ఒళ్లు సొట్టపడి అలాగే ఉండిపోతోంది. కింద ప్రవాహం పిక్కల్ని లాగుతోంది. అడుగు తీసి అడుగు వేయడానికి ముందు బావ కాలితో రోడ్డుని తడుముకుంటున్నాడు. అత్త ఊపిరి మాత్రం ఆ నీటిహోరులో కూడా నాకు వినబడుతూనే ఉంది. ఒకచోట అది వినబడలేదు.

“అత్తా!” అని అరిచాను.

“ఏటే... సెవి దగ్గర అరుస్తావు” అంది.

అవతలి గట్టున కొబ్బరికాయల ట్రాలీ ఆటో ఒకటి నీళ్లు చూసి ఆగి ఉంది. డ్రైవరు మమ్మల్ని చూడగానే ఏమీ అడగకుండా బండి వెనక్కి తిప్పాడు. కాయల బస్తాల మీద అత్తని కూర్చోబెట్టి, ఇద్దరం చెరో పక్కా పట్టుకున్నాం. శ్రీకాకుళం చేరేసరికి ఆమె పెదాలు నల్లబడ్డాయి. నర్సు మమ్మల్ని నానా మాటలూ అంటూనే ఆమెను తోసుకుంటూ లోపలికి తీసుకుపోయింది. డాక్టరు వచ్చి, యంత్రం తగిలిస్తున్నాం, ఇంకేం చెప్పలేం అన్నాడు.

బయట బల్ల మీద కూర్చున్నాం. బావ లుంగీలోంచి నీళ్లు కారి నేలంతా మడుగైంది. బండి అక్కడే నీళ్లలో ఉందన్న సంగతి అతనికి గుర్తున్నట్టే లేదు. తల ఎత్తకుండానే అన్నాడు.

“తిట్టవే. అలాగ కూకోకు. తిట్టు.”

“తిడతాను. అత్త బతికితే తిడతాను. బతక్కపోతే ఇంక నీతో మాటాడను.”

అన్నాక నాకే భయమేసింది. కానీ అది నిజం, వెనక్కి తీసుకోలేదు. అత్తని తీసుకెళ్లిన తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం ఒకేసారి లేచి, ఒకేసారి కూర్చున్నాం.

సాయంత్రం నర్సు వచ్చి రమ్మంది. అత్త కళ్లు మూసుకుని ఉంది. మొహంలో వాపు కొంచెం తగ్గింది. ఊపిరి చప్పుడు లేకుండా ఆడుతోంది. ఆ చప్పుడు లేకపోవడమే నేను మొదట గమనించాను. బావ మంచం చివర నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. అత్త కళ్లు తెరిచి, అతన్ని చూసి, పక్కనున్న యంత్రాన్ని చూసింది.

“ఒరే, నీ గొట్టం నీళ్లు బాగా లాగినాదిరా” అంది. గొంతు పీలగా ఉంది కానీ మాట స్పష్టంగా ఉంది. “అదేదో నాకే తగిలించీసుంటే, ఈ మిసను కాడికొచ్చే పనే ఉండీది కాదు గదా.”

పక్క మంచం మీది ముసలాయన ఫక్కున నవ్వాడు. నర్సు నవ్వింది. నడుంలోతు కెరటాల్లో కూడా బెదరని మా బావ అత్త పాదాల దగ్గర దుప్పటిలో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మొదలుపెట్టాను. బోర్లించిన చెంబు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆ వార్డంతా వినేలా, నర్సు రెండుసార్లు వారించినా ఆపకుండా, నా మొగుణ్ణి నోరారా తిట్టాను.