బంద్ నాడు కదలని కారు

"సారు పోయిండు బిడ్డా. బస్సులు బంద్ ఉన్నయి, ఎట్లొస్తవో ఏమో" అని పొద్దున్నే కోరుట్ల నుంచి అమ్మ ఫోన్ చేసింది. సారు భార్యను నేను అమ్మ అనే పిలుస్తాను. స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. చూస్తూ అలాగే నిలబడిపోయాను.

ప్రతి నెలా మొదటి వారంలో ఈ శీర్షికలో మీకు రెండు సంగతులు చెప్తుంటాను: నా కథ ఎంతవరకు వచ్చిందో, ఏ గేమ్ చూశానో. ఈ నెల రెండూ సారు గురించే. ఒక్క పట్టున కూర్చోలేకపోతున్నాను. లేస్తున్నాను, కిటికీ దాకా వెళ్తున్నాను, మళ్లీ వచ్చి రాసిందే చదువుకుంటున్నాను. అటూ ఇటూ పోతే ఏమీ అనుకోకండి.

సిరిసిల్లలో ఆయన నాకు లెక్కలు చెప్పారు. బడి చుట్టూ సాంచెల చప్పుడు, మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. అంత మోతలోనూ ఆయన గొంతు పెంచేవారు కాదు, మేమే దగ్గరికి జరిగేవాళ్లం. లెక్క తప్పితే ఏమీ అనరు. సగంలో వదిలేస్తే మాత్రం ఊరుకోరు. "తప్పైతే తప్పైంది, ఆఖరిదాక చెయ్యి. యాడ తప్పినవో గప్పుడే దొరుకుతది" అనేవారు. రిటైరయ్యాక సొంతూరు కోరుట్ల వెళ్లారు. నేను పెళ్లయి జగిత్యాల వచ్చాను. బడిలో పంతులమ్మ ఉద్యోగం, సెలవుల్లో కథల పిచ్చి. ఇంట్లో కంప్యూటర్ లేదు. సారు ఇంట్లో ఉంది. నెలకో ఆదివారం బస్సెక్కి వెళ్లి, చేత్తో రాసుకున్నవి అక్కడ టైపు చేసుకునేదాన్ని.

సారు కొడుకు కరీంనగర్‌లో ఉద్యోగానికి పోతూ వదిలేసిన పాత కంప్యూటర్ అది. అందులో ఒక కార్ల పందెం గేమ్ ఉంది. నా టైపు అయ్యాక సారు కూర్చునేవారు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఒకే వేలు బాణం మీటపై పెట్టి, ఎడ్లబండి తోలినట్టు తోలేవారు. మిగతా కార్లు రయ్యిమని దాటిపోతుంటే "పోనియ్యి, ఏం తొందరున్నదో" అనేవారు. ఎవరో గెలిచేవారు, పటాకులు పేలేవి. సారు ఇంకా సగం దారిలోనే.

"సార్, పందెం ఒడిసింది."

"నేను పందానికి పోతలేను బిడ్డా, కోరుట్లకు పోతున్న."

ఆ గేమ్‌లో రోడ్డు పక్కన సముద్రం. కోరుట్లకు సముద్రం ఎక్కడిదని నేను అడగలేదు. గేమ్ మీద నా అభిప్రాయం అంటారా? బొమ్మలు పాతవి, మలుపులో కారు జారుతుంది, ఇంజను మోత సాంచెల కంటే అన్యాయం. అయినా సారు పక్కన కుర్చీలోంచి చూస్తే పొద్దు తెలిసేది కాదు.

ఓసారి నేను వెళ్లాక తెలంగాణ కోసం బంద్ పిలుపు వచ్చి అక్కడే చిక్కుకుపోయాను. రోడ్డు మీద వంటావార్పు జరుగుతుంటే సారు పోయి ఉల్లిగడ్డలు కోసి, కళ్లు తుడుచుకుంటూ వచ్చారు. గేమ్ పెట్టారు. పందెం మొదలైంది. కార్లన్నీ వెళ్లిపోయాయి. సారు కారు బయలుదేరే గీత మీదే ఉంది. ఆయన తీరిగ్గా చాయ్ తాగుతున్నారు.

"సార్, ఇది గేమే కదా" అని నవ్వాను.

"ఏదైతేంది? ఊరంత బండ్లు ఆపి కూసున్నది. నేనొక్కన్ని తీస్తే మంచిగుంటదా?"

సాయంత్రం బంద్ ముగిశాకే ఆ కారు కదిలింది.

నా కథ కూడా ఆగే ఉంది. అందులో ఒక సిరిసిల్ల నేత కార్మికుడు మగ్గాల పనికి వలసపోయిన భివండీ నుంచి ఇంటికొస్తుంటాడు. చందుర్తి దగ్గర రాస్తారోకోలో బస్సు ఆగుతుంది. ఎన్నో నెలలుగా ఆయన్ను అక్కడే కూర్చోబెట్టాను. సారు చదివి అడిగారు: "నీ కథల్ల ఎవ్వలు ఇల్లు చేరరేంది?"

"ఉద్యమం తేలకుంట ఇల్లు చేరితే అబద్ధమైతది సార్."

"అంటే తెలంగాణ వచ్చేదాక ఆయన పెండ్లాం అన్నం ముంగట పెట్టుకొని కూసోవాల్నా?"

నాకు కోపం వచ్చింది. కాగితాలు సంచిలో కుక్కుకుని బస్సెక్కేశాను. ఆ తర్వాత ప్రతి నెలా గడపలోనే అడిగేవారు, "ఇంకా చందుర్తిలనేనా?" అని. ఆయన బతికుండగా అవునని తప్ప ఇంకో జవాబు చెప్పలేకపోయాను.

సారు పోయిన రోజు తమ్ముడి బండి మీద బయలుదేరాను. మేడిపల్లి దగ్గర రోడ్డుకడ్డంగా రాళ్లు, పక్కన పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. మా సారు పోయారని చెప్పాను. ఆయన తలకు కట్టుకున్న తువ్వాల విప్పి, రాయి తనే పక్కకు జరిపాడు. "సావుకు బంద్ లేదక్కా, పోండ్రి" అన్నాడు. దారి పొడుగునా ఏడవని దాన్ని అక్కడ ఏడ్చాను. సారును వాకిట్లో పడుకోబెట్టారు. కళ్లద్దాలు లేకపోతే ముఖం కొత్తగా ఉంది.

దినాల నాడు మళ్లీ వెళ్లాను. చుట్టాలు సర్దుకుని వెళ్లాక అమ్మ, "నీ పేజీలు కొట్టుకుంటవా? అది గట్లనే ఉన్నది" అంది. కంప్యూటర్ పెట్టాను. కథ తెరిచాను. బస్సు చందుర్తిలోనే ఉంది. మూసేశాను. చేతులు ఊరుకోక గేమ్ తెరిచాను. కార్లు వెళ్లిపోయాయి. సారు కారు గీత మీద నిలబడింది. నాకు మీట నొక్కబుద్ధి కాలేదు.

అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనక నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె దాన్ని ముట్టుకోవడం నేను చూడలేదు.

"ఇయ్యాల బంద్ ఉన్నదా?"

"లేదమ్మా."

"మరెందుకు ఆపినవ్? జరుగు."

కూర్చుంది. సారు లాగే ఒక్క వేలు పెట్టింది. కారు గోడకు తగిలింది, వెనక్కి వచ్చింది, మెల్లగా రోడ్డెక్కింది. అవతల ఎవరో గెలిచారు, పటాకులు పేలాయి. ఆమె అటు చూడలేదు. ఆమె వేలు చూస్తూ కూర్చున్న నాకు అక్కడే తోచింది, నా కథలో నేత మనిషి బస్సు దిగి నడవొచ్చని. ఎవరో ఒక రాయి జరుపుతారని.

ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. బల్ల కింద యూపీఎస్ కుయ్ కుయ్ మంటోంది. దాని మీద కంప్యూటర్ కాసేపే నడుస్తుంది.

"ఆపుదామా అమ్మా?"

"ఆగు బిడ్డా" అంది, తెర మీంచి కళ్లు తీయకుండా. "ఇంటి దగ్గరికొచ్చినం."