జడ్జిగారు అనని వాక్యం

హిల్డా థాక్రే మా యార్క్‌షైర్ ఊరి పెద్ద కోర్టులో ముప్పై ఏళ్ళు షార్ట్‌హ్యాండ్ రాసింది. జడ్జి జూరీకి చెప్పే మాటలు పొల్లుపోకుండా రాసుకుని టైపు చేయడం ఆమె పని. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం. పక్క బల్ల దగ్గర కూర్చునే నన్ను ఎన్నిసార్లు ఏడిపించిందో!

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడో ఏట ఆర్థర్ లంబ్ అనే మిల్లు కూలీకి ఉరిశిక్ష పడింది. మేస్త్రీని ఇనుపకడ్డీతో కొట్టి చంపాడు. మేస్త్రీయే ముందు కత్తి దూశాడని, ప్రాణం కాపాడుకోవడానికే కొట్టానని అన్నాడు. ఆ సంగతి లంబే రుజువు చేసుకోవాలని జడ్జిగారు జూరీకి చెప్పారు. చట్టం దానికి తలకిందులు. లంబ్ మాట అబద్ధమని సర్కారే రుజువు చేయాలి, అనుమానముంటే వదిలేయాలి. ఆ తప్పు మీదే వకీలు అప్పీలు వేశాడు. లండన్‌లో అప్పీలు వినేవాళ్ళు చూసేది హిల్డా టైపు చేసిన కాగితాలే.

ఆ కాగితాలు ముందు జడ్జిగారి దగ్గరికి వెళ్ళి వస్తాయి. కామాలూ వ్యాకరణమూ దిద్దుకోవడం జడ్జీల ఆనవాయితీ. ఈసారి ఒక వాక్యం మొత్తం కొట్టేసి, పైన ఎర్రసిరాతో సరైన చట్టం రాసి ఉంది. తెచ్చిన జడ్జిగారి గుమాస్తా పామ్‌ఫ్రెట్ తలుపు వేశాడు.

"మళ్ళీ టైపు కొట్టి సంతకం పెట్టమ్మా."

"ఆయన ఈ మాట అనలేదండీ."

"అనాలనుకున్నారు."

"అనుకున్నది జూరీకి వినపడలేదు కదా!"

పామ్‌ఫ్రెట్ నవ్వాడు. నాకు భయం వేసింది. "ముప్పై ఏళ్ళుగా ఎంత ఎర్రసిరా నోరెత్తకుండా టైపు కొట్టిపెట్టావు! ఇవాళేనా నీకు సత్యం గుర్తొచ్చింది?"

 హిల్డా మళ్ళీ టైపు కొట్టకుండా, అసలు పేజీకి తన షార్ట్‌హ్యాండ్ పుస్తకం జతచేసి లండన్ పంపేసింది. అప్పీలు నెగ్గింది. లంబ్ బతికి బయటపడ్డాడు.

ఆదివారం కేకు పట్టుకుని హిల్డా వాళ్ళింటికి వెళ్ళాను. వంటింటి బల్ల నిండా పాత షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు, కార్బన్ కాపీలు. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమైంది హిల్డా?"

"పామ్‌ఫ్రెట్ అన్న మాట నిద్రపోనివ్వడం లేదే. ఎర్రసిరా అంటే కామాలే అనుకుని, దిద్దింది దిద్దినట్టు టైపు కొట్టేదాన్ని. ఇప్పుడు పోల్చి చూస్తున్నా."

రెండు కేసులు విడిగా పెట్టింది. రెండింటి కార్బన్ కాపీల్లోనూ జూరీ వినని వాక్యం ఒకటి ఉంది.

"వీళ్ళ అప్పీళ్ళు?" అన్నాను.

"పోయాయి."

ఆ పేర్లు నాకు తెలుసు. ఇద్దరినీ ఉరితీశారు. కాగితాల కింద సంతకం హిల్డాదే.