రెండో మొక్క

మ్యూజియంలో ఆమెను అందరూ పురుగులమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్లుగా చచ్చిన రెక్కల పురుగులకు సూదులు గుచ్చి, చీటీలు రాసి, అద్దాల పెట్టెల్లో సర్దడం ఆమె ఉద్యోగం. అన్నిటిలోకీ ఆమెకు ముద్దు ఒక చిన్న కొండ చిమ్మట. బొటనవేలి గోరంత ఉంటుంది. పై రెక్కలు బూడిదరంగు, రాతి మీద వాలితే కంటికి ఆనవు. ఎగిరితే మాత్రం కింది రెక్కల పసుపు తళుక్కుమంటుంది. తక్కిన చిమ్మటల్లా దీపాల చుట్టూ తిరగదు, ఎండలోనే ఎగురుతుంది. కొండ మీద చెట్లు ఆగిపోయే చోటికి పైన, ఒకే ఒక్క వాలులో దాని కాపురం. దాని గొంగళిపురుగు అక్కడ నేలబారున అల్లుకునే ఊదాపూల మొక్కనే తింటుందని పుస్తకాల్లో ఉంది.

ఆ వాలు మీద రోడ్డు వెడల్పు చేస్తారని ఆమెకు ముందే తెలుసు. మొక్కలున్న చోటేదో చూసి రోడ్డు పనివాళ్లకు చెప్పాలి. మోకాలి నొప్పితో రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేసింది. తీరా వెళ్లేసరికి వాలంతా గుండు గీసినట్టుంది.

"ఇక్కడ ఊదాపూల మొక్కలుండాలి కదండీ?" అని మేస్త్రీని అడిగింది.

"ఉండేవమ్మా. ఒక్క మాట ముందే చెప్పుంటే పక్కనుంచి తవ్వేవాళ్లం," అన్నాడతను నొచ్చుకుంటూ.

ఆ మాట ముల్లులా దిగింది. రెండు రోజులు తిండి సహించలేదు. మూడో రోజు వదిన వచ్చి, "ఇంట్లో కూర్చుని కుమిలితే పురుగులు పుడతాయా? పద, నేనూ వస్తా," అని బయల్దేరదీసింది.

మిగిలిన మొక్కలేమైనా ఉన్నాయేమోనని రోడ్డుకు పైన రాళ్ల మధ్య వెతికారు. మిట్టమధ్యాహ్నం వదిన ఆయాసపడుతూ ఒక బండ మీద చతికిలబడింది.

"ఇదిగో, మీ చుట్టమెవడో నా చెప్పెక్కుతున్నాడు!"

పచ్చటి ఒళ్లు, వీపు మీద తెల్లటి గీత. ఆ చిమ్మట గొంగళిపురుగే! పక్కనే బండ పగులులో పసుపుపూల మొక్కొకటి, ఆకుల అంచులన్నీ కొరికేసి ఉన్నాయి.

"దారి తప్పి వచ్చిందేమో వదినా," అంది, ఆశపడడానికి భయపడి.

"దారి తప్పినవాళ్లు ఇంత సుష్టుగా భోంచేస్తారా?"

అయినా మనసొప్పక దాన్ని డబ్బాలో పెట్టి పసుపుపూల ఆకులు వేసింది. మూడో పూటకల్లా ఈనెలే మిగిలాయి. తర్వాత అది గూడు కట్టుకుంది. మూడు వారాలకు, ఆమె బల్ల పక్క కిటికీలో ఎండ పడుతుండగా, బూడిదరంగు రెక్కలు విప్పింది. కింద పసుపు.

ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"వదినా, మనవాడే!"

"మరి నేనేం చెప్పాను? ముందు కడుపునిండా తిను."

పోయిన మొక్కలు తలపుకొస్తే ఆమెకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ వారం ఇద్దరూ మళ్లీ వెళ్లి చూస్తే, పదకొండు బండల పగుళ్లలో కొరికిన ఆకులు కనిపించాయి. నొప్పి మోకాలితోనే ఆమె పన్నెండోది ఎక్కబోతుంటే వదినే చెయ్యి పట్టి ఆపింది.