ఓడినవాళ్ళ పేర్లు లేని జాబితా

మా నాచారం కాలనీ వృద్ధుల సంఘం వాళ్ళు ఈమధ్య ఒక సభ తలపెట్టారు. నలుపు తెలుపు బొమ్మల కాలంలో మద్రాసులో జరిగిన ఒక సినిమా అవార్డుల సాయంత్రాన్ని మళ్ళీ మా కమ్యూనిటీ హాల్లో జరిపించాలట. మాలోనే ఒకరు ఉత్తమ నటుడు, ఒకరు ఉత్తమ గాయని. కవరు చించి పేరు చదివితే, ఆ వేషం కట్టినవాళ్ళు వేదికెక్కి బహుమతి అందుకోవాలి. ఆలోచన మంచిదే, కాదనను. కానీ అచ్చేసిన జాబితా చేతికొచ్చాక నాకు కాళ్ళు నిలవలేదు. ప్రతి విభాగానికీ ఒక్కటే పేరు. గెలిచినవాడి పేరు. పోటీలో నిలిచి ఓడినవాళ్ళేరీ? వాళ్ళు లేకుండా గెలిచినవాడు ఎవరి మీద గెలిచినట్టు? ఒక్కడే పరిగెత్తితే దాన్ని పందెం అంటారా?

కళాదర్శకత్వం దగ్గర మా బావ పేరు లేదు.

బావ అంటే చుట్టరికం కాదు, పక్కింటాయన. గోదావరి వైపు మనిషి. ఆయన భార్య నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది గనుక ఆయన నాకు బావ. నాచారంలో స్టూడియో కట్టిన కొత్తలో మద్రాసు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. గుడ్డ మీద, ప్లైవుడ్ మీద రాజమహళ్ళు లేపేవాడు. దగ్గరికి వెళ్ళి తడితే తప్ప అది రాయి కాదని తెలిసేది కాదు. సెట్ల పని తగ్గాక ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా దుకాణాలకు బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనీ పోయింది. మూడేళ్ళ కింద ఆయన పోయినప్పుడు ఇదే సంఘం సంతాపసభ పెట్టి "మంచి బోర్డు ఆర్టిస్టు" అని రెండు ముక్కలు చెప్పి టీలు పంచింది. ఆ రోజు ఆయన భార్య ముఖం, అదే మా చెల్లె ముఖం, నేను చూశాను.

ఆ అవార్డుల ఏడాది కళాదర్శకత్వానికి ముగ్గురిని పోటీలో నిలిపారు. ముగ్గురిలో బావ ఒకడు. బహుమతి వేరే ఆయనకు పోయింది. ఇది బావ చెప్పేవాడు, కానీ నాకు అంతకు ముందే తెలుసు. ఐదో తరగతితో నా బడి మానిపించి సికింద్రాబాదులో లేత్ షాపులో పెట్టారు. మధ్యాహ్నం సద్ది తిని పక్క వీధిలో పఠన మందిరానికి ఉరికేవాణ్ణి. నేను చదువుకున్న చదువంతా ఆ పేపర్లే. పదిహేనేళ్ళ వయసులో అక్కడే ఆ అవార్డుల వార్త చదివాను. మూడు పేర్లు ఒకదాని కింద ఒకటి, మూడోది బావది. పేజీ అంచున నా వేలి గ్రీజు మరక కూడా గుర్తుంది. ఈ మాట ఎన్నేళ్ళుగా ఎందరికి చెప్పానో లెక్కలేదు.

జాబితా వచ్చిన పూట చెల్లె మా గేటు దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, ఇందులో ఆయన లేరేం?"

"గెలిచినోళ్ళనే రాసిన్రు చెల్లె."

"గెలిచాడని రాయమనడం లేదు. ఓడిపోయాడనే చదివించండి. ఓడిపోయాడంటే అక్కడ ఉన్నట్టే కదా. నాకు అంతే చాలు."

నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా సంఘం గదికి నడిచాను. అధ్యక్షుడు రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. క్యారమ్స్ ఆడుతూ ఉన్నాడు.

"ఏంది నాయనా ఈ జాబితా? ఓడినోళ్ళని ఎవలు మింగిన్రు?"

"కూసో మామా. మొదలు ముగ్గురు ముగ్గురినే పెట్టినం. ఒక్కడు ఒప్పుకుంటే ఒట్టు. ఆ ఇంజనీరు సారు చీటీ వాపస్ ఇచ్చిండు. సర్వీసుల ఒక్క ప్రమోషన్ పోగొట్టుకోలే, గిప్పుడు కోడలి ముంగట ఓడిపోవాల్నా అంటుండు. రెండో లైను టీచరమ్మ అయితే ఏడ్సినంత పని జేసింది. మన కాలనీల ఓడిపోయే వేషం ఎవడేస్తడు మామా? అందుకే అందరూ గెలుసుడే. అందరికీ శాలువలే."

అదీ సంగతి. మనకు శాలువా కప్పకుండా ఒక మనిషిని కుర్చీలోంచి లేపడం రాదు. పుట్టినరోజుకు శాలువా, రిటైరైతే శాలువా, పార్కులో బెంచీ వేయిస్తే శాలువా. ఆ అలవాటుతో వెనకటి చరిత్రను కూడా శాలువాలో చుట్టి పెడుతున్నారు. ఈ మాటే అన్నాను, కొంచెం గట్టిగానే అన్నాను. బావ సంగతీ చెప్పాను.

"ఫోన్ల గెలిచినాయన ఒక్కడే వస్తుండు మామా. కాయితం ఉందా?"

"నీ ఫోను పుట్టకముందు సదివిన నేను!"

"అందుకే ముచ్చట జరంత పాతబడ్డది," అన్నాడు వాడు. క్యారమ్స్ చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు.

మరునాడే హబ్సిగూడలో మెట్రో ఎక్కి, పాత పేపర్లు బైండు చేసి దాచిన గ్రంథాలయానికి వెళ్ళాను. నాలుగు రోజులు తిరిగాను. మోకాళ్ళ నొప్పి, దుమ్ముకు దగ్గు, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఇంకో పేజీ చూడాలనిపిస్తుంది. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా మనసు ఆ బైండ్లలోనే. నాలుగో రోజు దొరికింది. నేను చదివిన పేపరే. ఆ సభ వార్తే. పేజీ కింద కుడిమూలకు చిన్న వార్త. నటుడు, నటి, గాయని, అన్నీ నాకు గుర్తున్నట్టే ఉన్నాయి. కళాదర్శకత్వం దగ్గర ఒక్కటే పేరు. గెలిచినాయనది.

తప్పు చూశానేమోనని అద్దాలు తుడిచి చూశాను. ముందురోజు పేపరు, తర్వాత వారం పేపర్లు, ఇంకో రెండు పత్రికల బైండ్లు తిరగేశాను. పోటీలో నిలిచినవాళ్ళ పేర్లు ఎవరూ వేయలేదు. గెలిచినవాళ్ళవే వేసి ఊరుకున్నారు. ఆనాటి వాళ్ళూ మా అధ్యక్షుడి బాపతే.

బైండ్లు ఇచ్చే ఆమె అడిగింది: "దొరికిందా పెద్దాయనా?"

"దొరికిందమ్మా."

"మరి మొఖం గట్ల వెట్టినవేంది?"

బైండు ఆమె ముందు పెట్టి బయటికొచ్చాను. హబ్సిగూడలో దిగి ఆటో ఎక్కకుండా ఎండలో నడిచాను. మరి ఆ మూడు పేర్లు నేను ఎక్కడ చదివాను? ఒకదాని కింద ఒకటి, మూడోది బావది, అంత స్పష్టంగా ఎట్లా కనబడుతోంది? నాచారం చౌరస్తా దాటుతుంటే తెలిసింది. స్టూడియో ఎదురుగా ఉండే ఇరానీ హోటల్లో, బావ పరిచయమైన కొత్తలో, చాయ్ ఒలికిన బల్ల మీద వేలితో మూడు గీతలు గీశాడు. ఒక్కో గీతకు ఒక్కో పేరు చెప్పి, "ఈ మూడోది నేను" అన్నాడు. అప్పటికి నేను నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో లేత్ మీద చేస్తున్నాను, షిఫ్టు దిగి వచ్చాను, వేళ్ళకు గ్రీజు ఉంది. నేను చదివింది ఆ బల్లను. దాన్ని తీసుకుపోయి, పదిహేనేళ్ళ వయసులో చదివిన పేపర్లో నేనే అంటించుకున్నాను. ఇన్నేళ్ళు సాక్ష్యం చెప్పాను.

నా జ్ఞాపకం మీద నేను ఎంత మిడిసిపడేవాణ్ణో కాలనీ అంతా ఎరుగుదురు. ఆ సిగ్గు ఒకటి. దాన్ని మించింది చెల్లె దగ్గర ఎదురైంది. ఆమె గేటులోనే నిలబడి ఉంది.

"దొరికిందా అన్నయ్యా?"

"ఇంకా సూడాలె."

"దొరక్కపోయినా ఫర్వాలేదులెండి. మీరు చదివారుగా. అది మా పెళ్ళికి ముందు సంగతి, నాకేం తెలుసు? ఆయన మాట ఒక్కటే అయ్యుంటే నాకూ ఎప్పుడో అనుమానం వచ్చేది. మగవాళ్ళు ఎన్ని చెప్పరు!" అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక ఆ వారమంతా నేను ఒక చోట కూర్చోలేదు. చెబుదామని రెండుసార్లు ఆ ఇంటి మెట్లెక్కి, కరెంటు బిల్లు సంగతి అడిగి దిగాను.

ఆదివారం సభ. హాలు నిండింది. ఇంజనీరు గారు కోటు వేసుకుని ఉత్తమ నటుడయ్యారు, టీచరమ్మ గాయని అయింది, ఎవరికీ కోపాలు లేవు. కళాదర్శకత్వం వచ్చింది. అధ్యక్షుడు మైకు పట్టుకున్నాడు. నాతో ఎకసెక్కాలు ఆడాడు గానీ మనసు చెడ్డవాడు కాదు. నన్ను సంతోషపెట్టాలనే చేశాడు.

"ఈ అవార్డు ఇద్దరికీ సమానంగ! ఒకలు మన కాలనీ ఆర్టిస్టే! మా మామ సొంతంగ పేపర్ల సదివిండు, సాక్షి గీన్నే కూసున్నడు. అమ్మా, మీరు స్టేజి మీదికి రావాలె, శాలువా కప్పుతం."

చప్పట్లు. చెల్లె లేచింది, కదలకుండా నావైపు చూసింది. ఆమెకు కావలసింది ఇది కాదు. నేను కూడా లేచాను. మైకు అడగలేదు, నా గొంతు చాలు.

"ఆపుండ్రి. బావ గెలువలే. ముగ్గురిల ఒకడు, ఓడిపోయిండు."

"సరే మామా, పోటీల ఉన్నడు గద, అదే..."

"ఇంకోటి ఉంది. పేపర్ల నేను సదవలే. మొన్న పోయి సూసిన, పేపర్ల లేదు. నాకు బావనే చెప్పిండు. సదివిన అనుకున్న ఇన్నేండ్లు. తప్పు నాది."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంజనీరు గారు "ఇదేం గొడవయ్యా మధ్యలో" అన్నారు. నేను వాళ్ళను చూడలేదు. చెల్లె ముఖమే చూస్తున్నాను. ఆమె రంగు మారింది.

"అయితే మీకూ ఆయనే చెప్పారా?" అంది.

"అవు చెల్లె."

శాలువా పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చిన కార్యదర్శిని చేత్తో ఆపింది. అధ్యక్షుడి వైపు తిరిగి అంది: "అలాగే చదవండి బాబూ. పోటీలో ఉన్నానని ఆయన చెప్పుకునేవారు అని చదవండి. ఉన్నదున్నట్టు."

అధ్యక్షుడు జేబులోంచి పెన్ను తీసి ఆ మాట జాబితా మీద రాసుకున్నాడు. తర్వాత చదివాడు. గెలిచినాయన పేరు చదివి, కింద బావ పేరు చదివి, "పోటీలో ఉన్నానని ఆయన చెప్పుకునేవారు" అన్నాడు. చప్పట్లు కొట్టాలా వద్దా ఎవరికీ తెలియలేదు. ఆమె కూర్చుంది. సభ అయ్యాక నాతో మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

నేను చేసింది సరైనదే అని ఒక గంట, ముసలామెకు ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ ఊడబెరికానని ఇంకో గంట, నాలో నేనే దెబ్బలాడుకుంటూ ఉన్నాను. మరునాడు పొద్దున తొమ్మిదింటికి గేటు చప్పుడైంది. చెల్లె. ఇస్త్రీ చీర, చేతిలో సంచి, నీళ్ళ సీసా. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"పేపర్లలో లేదన్నారు. సినిమా పత్రికలు చూశారా?"

చూడలేదు. ఆ ముక్క నా బుర్రకే రాలేదు.

"వాటిల్లోనూ లేకపోతే?" అన్నాను.

"లేకపోతే లేదని తెలుస్తుంది. చెప్పులు వేసుకోండి."