కాకిమేడి ఆకు

నా చిన్నప్పుడు, చోడవరంలో మేమున్న వీధిలో ఎవరికి కర్ర కావలసినా మా తాతయ్య దగ్గరికి వచ్చేవారు. నాగలికి ఏ తుమ్మ పనికొస్తుందో, కాడికి ఏ కొమ్మ వంపు సరిపోతుందో, దూలానికి ఏ చెట్టు కొట్టాలో ఆయనే చెప్పాలి. ఆయన వడ్రంగి కాదు. చెరకూ వరీ పండించుకునే రైతు. కానీ చెట్లు తెలిసిన మనిషని ఆయనకు పేరుండేది. ఆ పేరంటే ఆయనకు ఇష్టం, నాకు ఇంకా ఇష్టం. బడిలో మీ తాత ఎవరే అని ఎవరైనా అడిగితే ఆయన పేరు చెప్పేదాన్ని కాదు, 'చెట్ల తాత' అని చెప్పేదాన్ని.

నాకు ఆయన చెట్లు నేర్పింది కళ్లు మూయించి. పొద్దున్నే చెరకు తోట గట్టు మీదుగా నడుస్తూ, ఉన్నట్టుండి ఆగి, నా చెయ్యి పట్టుకుని ఒక మానుకు ఆనించేవాడు.

"కళ్లు ముయ్యి. ఇదేటో సెప్పు."

మొదట్లో నోటికొచ్చిన పేరు చెప్పేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడు కాదు. మళ్లీ తడమమనేవాడు. మునగ బెరడు మెత్తన, గోరు గుచ్చితే దిగుతుంది. జామ మాను నున్నగా చల్లగా ఉంటుంది, పొరలు పొరలుగా ఊడుతుంది. తుమ్మ మాను మీద లోతైన చీలికల్లో వేళ్లు దూరుతాయి. బూరుగైతే తొందరపడి చెయ్యేసినవాడికి ముల్లే జవాబు చెబుతుంది. బెరడుతో తేలకపోతే ఆకు నలిపి వాసన చూడమనేవాడు. మామిడాకూ వెలగాకూ అలా పట్టుకున్నాను. వాసనతోనూ తేలకపోతే నిలబడి వినమనేవాడు. గాలి ఉందో లేదో తెలియని పూట కూడా రావి చెట్టు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఒక్క గుర్తు దొరగ్గానే పేరు చెప్పకూడదు. రెండోది కూడా దొరకాలి.

నా వంతు అయ్యాక ఆయన వంతు. ఆయన కళ్లు మూసుకుని నిలబడేవాడు, నేను చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి ఏదో ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. దారి తెలియకుండా ఉండాలని ఉన్నచోటే గిరగిరా తిప్పేదాన్ని కూడా. ఆ మొదటి రోజుల్లో ఆయన చాలా తప్పులు చెప్పాడు. ముసలి మామిడిని పట్టుకుని చింత అన్నాడొకసారి. నన్ను గెలిపించడానికే ఓడిపోతున్నాడనుకుని మురిసిపోయాను. వీధంతా సలహా అడిగే మనిషికి మామిడీ చింతా తెలియవా? రానురాను ఆయన తప్పులు తగ్గాయి. వేసవి వచ్చేసరికి నేనెంత తిప్పినా తడబడేవాడు కాదు. నన్ను గెలిపించడం మానేశాడని నాకు కొంచెం కోపం వచ్చింది కూడా.

మా తాతయ్యకు చూపు తగ్గుతోందన్న మాట ఇంట్లో మొదట అన్నది మా బాబాయి. మా బాబాయిది దురుసు నోరు. ఎదురుగా ఎవరున్నారో చూసుకోకుండా అనేసేవాడు. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి మా మామ్మతో అంటూంటే విన్నాను.

"నాన్నకి ఆనడం లేదే అమ్మా. నిన్న సెంబు పక్కన నీల్లు పోసేడు. పెల్లయిపోయేక ఇంక పొలం పంపొద్దు. అరుగు మీద మంచమేసి కూకోబెడదాం."

"నీకు ఆనతంది కదా, ఆ గేదెకి కుడితి పెట్టు ముందు," అంది మా మామ్మ.

బాబాయి మాట నేను నమ్మలేదు. కళ్లు మూసుకుని కూడా చెట్టు పేరు చెప్పే మనిషికి కళ్లు కనబడకపోవడమేమిటి? కానీ అరుగు మీద మంచం అన్న మాట మాత్రం గుచ్చుకుంది. మా వీధిలో అలా మంచమెక్కిన తాతలున్నారు. ఆ తరువాత వాళ్లను ఎవరూ ఏదీ అడగరు. అన్నం తిన్నావా అని తప్ప.

బాబాయి చెప్పిన పెళ్లి మా మేనత్తది, వైశాఖంలో. మా ఇళ్లల్లో పెళ్లికి ముందు వాకిట్లో పందిరి రాట వెయ్యాలి. ఆ రాటకు కట్టేది పాలు కారే చెట్టు కొమ్మే అయ్యుండాలి. మా ఇంటి ఆచారం ప్రకారం అది మేడికొమ్మ. తెల్లారుతూండగా ఇంటి పెద్ద స్వయంగా వెళ్లి, చెట్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని కొమ్మ కొట్టించి తేవాలి. పెళ్లి ముగిసేదాకా ఆ కొమ్మ పచ్చగా నిలవాలి. వాడితే మంచిది కాదనేవారు. పైగా చుట్టాలంతా దిగి ఉంటారు, వచ్చిన ప్రతివారూ రాటను ఓసారి తడిమి చూసి వెళ్తారు. వేరే కొమ్మ తెచ్చారంటే ఆ మాట రెండు మూడు తరాలు నిలుస్తుంది.

ఆ రోజు మా నాన్న పెళ్లి పని మీద అనకాపల్లిలో ఉన్నారు. బాబాయి గొడ్డలి భుజాన వేసుకుని, "నువ్వెందుకు నాన్నా, సీకట్లో. నేను తెచ్చెస్తాను," అన్నాడు.

"ఇంటి పెద్ద ఎప్పుడు మారేడ్రా? నాకు సెప్పలేదు," అన్నాడు తాతయ్య. పసుపు కుంకుమల పళ్లెం నా చేతికిచ్చి, తన చెయ్యి నా భుజం మీద వేశాడు. ఆయన అలా వెయ్యడం నాకు అలవాటే కాబట్టి ఏమీ అనిపించలేదు. ముగ్గురం గెడ్డ వైపు, అంటే ఊరి పక్క వాగు వైపు, నడిచాం.

గెడ్డ ఒడ్డున తుప్పల మధ్య మానంతా గుత్తులుగా కాయలున్న చెట్టొకటి కనబడింది. పొట్టి చెట్టు, కొమ్మలు చేతికందుతున్నాయి. బాబాయి ముందుగా వెళ్లి ఆకు తుంచాడు. పాలు కారాయి.

"మేడి ఇక్కడే ఉంది. ఎక్కక్కర్లేదు కూడాను," అని గొడ్డలి దించాడు.

"ఆగు," అన్నాడు తాతయ్య. ఆకొకటి ఇమ్మని నన్ను అడిగాడు. దాన్ని చెంపకు రాసుకున్నాడు. తరువాత పుల్ల విరిచి, విరిగినచోట బొటనవేలితో నొక్కాడు. "ఇది కాకిమేడి."

"పాలొస్తన్నాయి కదా. మానుకి కాయలున్నాయి. మరేటి కావాలి?"

"పాలు రెంటికీ ఒస్తాయి. కాయలూ రెంటికీ మానుకే కాస్తాయి. ఆకు నీ సెంపకి రాసుకుని సూడు."

బాబాయి రాసుకుని చెంప తడుముకున్నాడు. కాకిమేడి ఆకు గరుకు, దానితో రుద్ది చెక్కను నున్న చెయ్యవచ్చు. మేడాకు నున్నన. కాకిమేడి పుల్ల లోపల బోలు. మేడి పుల్ల గట్టి. నేనూ ఆకు రాసుకుని తాతయ్య వైపు చూశాను, సరిగ్గా చెప్పాడని నవ్వడానికి. ఆయన మొహం మా వైపు ఉంది. కళ్లు మాత్రం మా మీద లేవు. చేతిలో ఉన్న ఆకు మీదా లేవు. గెడ్డ అవతలి ఒడ్డున ఏమీ లేనిచోట నిలిచి ఉన్నాయి.

"మేడి ఎక్కడుందో మా గుంట సెప్తాది," అన్నాడు ఆయన నా గురించి. గొంతులో మార్పు లేదు. నా భుజం మీద చెయ్యి మాత్రం కొద్దిగా బిగిసింది.

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ మా ఆటలో ఆయన కళ్లు మూసుకున్నది నా కోసం కాదు. వెలుగు పూర్తిగా పోకముందే, అది లేకుండా చెట్లను పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. మొదట్లో చెప్పిన తప్పులు నిజమైన తప్పులే. ఇప్పుడు నేను తప్పు చెట్టు చూపిస్తే ఆయన తడిమి తెలుసుకోగలడు. కానీ అసలు చెట్టు ఎక్కడుందో నేను నడిపించకపోతే చేరుకోలేడు. ఆ సంగతి బాబాయికి తెలియకూడదు. తెలిస్తే అరుగు, మంచం.

నేను ఏడవలేదు. చాలా పెద్ద పని అప్పగించినట్టనిపించింది. ఒడ్డు వెంట ముందుకు నడిచాను, ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది. వేరు అడ్డొస్తే, నాకు నేనే చెప్పుకుంటున్నట్టు "వేరుంది" అన్నాను. వంపు దగ్గర ఎత్తయిన మాను ఒకటి కనబడింది. కాయలు కొన్ని ఎర్రబడుతున్నాయి. పళ్లెం కింద పెట్టి, అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని బెరడు తడిమాను. రాలిన రెమ్మ తీసి ఆకు చెంపకు రాసుకున్నాను. నున్నన. పుల్ల విరిచాను. గట్టి.

"ఇది మేడి, తాతయ్యా."

ఆయన కూడా తడిమాడు. తొందరపడలేదు. "ఇదే," అన్నాడు.

పళ్లెం పట్టుకున్నాను. ఆయన మానుకు పసుపు రాశాడు. తరువాత కుంకుమ తీసి బొట్టు పెట్టాడు. ఆ బొట్టు పసుపు మీద పడలేదు. జానెడు పక్కగా ఉత్త బెరడు మీద పడింది. ఆయన చేతులు జోడించాడు.

నేను బాబాయి వైపు చూశాను. బాబాయి అప్పటికే ఆ బొట్టు చూశాడు. తరువాత భుజం మీది తువ్వాలు కొసతో పక్కన పడ్డ కుంకుమ తుడిచి, పళ్లెంలోంచి చిటికెడు తీసి పసుపు నడుమ బొట్టు పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. ఆ తరువాత, ఎప్పటి గొంతుతోనే, "కొట్టమంటావా నాన్నా?" అని అడిగాడు.

"కొట్టు."

వాకిట్లో చుట్టాలందరి ముందూ బాబాయి కొమ్మ దించి, "నా మాటింటే కాకిమేడి ఒచ్చీది. నాన్న పట్టుకున్నాడు," అన్నాడు. తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "నేను కాదు. మా గుంట పట్టుకుంది," అన్నాడు. ముసలివాళ్లంతా నా వైపు తిరిగారు. అంతకన్నా పెద్ద సన్మానం నాకు తరువాత ఎక్కడా జరగలేదు. ఆ కొమ్మ పెళ్లయ్యేదాకా పచ్చగానే ఉంది.

ఆ సాయంత్రం మామ్మ దగ్గర కూర్చుని, తాతయ్యకు కళ్లు కనబడవని నీకు తెలుసా అని అడిగాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది. "నీకది ఆట. ఆయనకి సదువు. ఆయనకి నువ్వే మేష్టరివి. మేష్టర్లు పిల్లల మార్కులు వీధిలో సెప్పుకుంటారేటే?"

నేను చెప్పుకోలేదు. బాబాయీ చెప్పలేదు. అరుగు మీద మంచం మాట మళ్లీ ఎత్తలేదు. పొద్దున్నే, "ఒసే గుంటా, మీ తాత పొలం ఎల్తన్నాడు, పలక పడేసి నువ్వూ ఎల్లు," అని నా మీద కేకలేసేవాడు. తాతయ్య చివరిదాకా చెట్ల తాతగానే ఉన్నాడు. నాగలి కర్రకు వచ్చినవాళ్లు ఆయన్నే అడిగారు.

చాలా ఏళ్ల తరువాత, మేమిద్దరం ముసలివాళ్లమయ్యాక, బాబాయిని ఒకసారి ఆ కుంకుమ సంగతి అడిగాను. "ఏటి కుంకం?" అన్నాడు. కళ్లలోకి చూసి మరీ అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు.

పోయిన నెల బాబాయి పోయాడు. మేడికొమ్మ తెచ్చిన ఉదయం గెడ్డ ఒడ్డున ఉన్నవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. పెద్దకర్మ నాడు చుట్టాలు కూర్చుని ఆయన గురించి మాట్లాడుకున్నారు. మంచివాడేగానీ నోరు దురుసు, మాట గరుకు అన్నారు. అది నిజమే, కాదనలేదు. నా జీవితంలో చాలామంది మనుషులను ఒక్క గుర్తుతో తేల్చేయబోయి, తాతయ్య నియమం గుర్తొచ్చి ఆగాను. రెండో గుర్తు కోసం చూశాను. అన్నిసార్లూ దొరకలేదు. బాబాయి విషయంలో మాత్రం నాకు చిన్నప్పుడే దొరికింది.

అందుకని ఆ రోజు నోరు తెరిచాను. ఇప్పుడు చెబితే తాతయ్యకు పోయేదేమీ లేదు. బాబాయి మనవలను దగ్గరకు పిలిచి, మీ తాత ఒకసారి కుంకుమ బొట్టు దిద్దాడర్రా అన్నాను.

"ఏటి కుంకం?" అని అడిగారు వాళ్లు. వాళ్లకు నిజంగానే తెలియదు. చెప్పాను.